ముప్పై ఎనిమిది ‘తను’లు

దుమగెతె
ఫిబ్రవరి 10, శనివారం

‘ప్రియమైన’ అన్న విశేషణం వచ్చే శుక్రవారం దాకా వాయిదా పడిన దితకు,

ఈ ఉత్తరం నీకు సోమవారం ఉదయపు పడవలో, ఆ పడవలో వంట చేసే పెద్దావిడ మనాంగ్ పేసింగ్ చేతుల మీదుగా అందుతుంది. కవరు అతికించిన చోట అడ్డంగా నా సంతకం ఉంటుంది. అది చెదిరి ఉంటే, చదవడానికి ముందే ఆ సంగతి నాకు తెలియజేయి. ఫోన్ చేయవచ్చు కదా అని నువ్వు అనుకుంటావు. నువ్వు టీచరు శిక్షణకని సికిహోర్ దీవికి వెళ్ళి మూడు వారాలైంది; ఆ కొండ మీది బడి దగ్గర సిగ్నల్ అందదని చెప్పింది నువ్వే. అందినా నేను ఫోన్ చేసేదాన్ని కాదు. ఫోన్‌లో రాసిన మాటను ఒక్క వేలితో పదిమందికి చేరవేయవచ్చు. నేను నిన్ను నమ్మి చెప్పిన ఒక మాట ఇప్పటికే అలా ప్రయాణం చేసిందన్నది నా అభియోగం.

వాస్తవాలు ముందు చెబుతాను. మంగళవారం ఉదయం బజారులో, మనం ముగ్గురం ఎప్పుడూ కూర్చునే బల్ల దగ్గర, నేను అరటాకులో చుట్టిన బుడ్‌బుడ్ అన్నం విప్పుతుండగా సాంతో వచ్చాడు. చివరి సెమిస్టరుకు అతను తీసిన పదమూడు నిమిషాల సినిమా, ‘రోడ్డు వైపు’, ఈ నెల ఇరవై మూడున కళాశాల పోటీలో ఉంది. న్యాయనిర్ణేతల్లో ఒకరికి మన బిసాయా భాష రాదట. అందువల్ల తెర కింద ఇంగ్లీషు అక్షరాలు పడాలి. “నీ ఇంగ్లీషు నోటికి కాస్త పని చెప్పవే. నాలుగేళ్ళుగా అందరినీ కరవడానికే వాడుతున్నావు,” అన్నాడు. నాలుగు కాగితాలు ఇచ్చాడు. వాటిలో తెర వెనుక నుంచి వినిపించే మాటలు, పక్కన నిమిషాలు, సెకన్లు. అంతే. బొమ్మ చూపించమన్నాను. చూపించనన్నాడు, చూస్తే ప్రతి షాటుకూ ఖండన రాస్తానట. మాటలు ఎవరు రాశారని అడిగాను. “ఒక ఫ్రెండు,” అని, తన కప్పులోని సిక్వాతె వైపు చూశాడు. సాంతోతో జంటగా ఇరవై ఆరు పోటీలలో వాదించాను. ప్రత్యర్థి కళ్ళలోకి చూసి అబద్ధం చెప్పగల మనిషి చాక్లెట్ కప్పు వైపు చూశాడంటే అక్కడేదో ఉంది. నా అనుమానం ఆ క్షణాన పుట్టింది.

ఇంటికి వచ్చి పని మొదలుపెట్టాను. ఒక మనిషి తన స్నేహితుల్లో ఒకరిని ప్రేమిస్తూ, ఆ సంగతి చెప్పకుండా, ఆ మనిషి గురించి మనకు చెప్పుకోవడం ఆ సినిమా. పేర్లు లేవు. అంతా ‘సియా’, ‘సియా’ — తను, తను. ముప్పై ఎనిమిది సార్లు. ఆడకూ మగకూ మనకున్నది ఆ ఒక్క మాటే; ఇంగ్లీషులో మాత్రం రెండు తలుపులుంటాయి, ఏదో ఒక దానిలోంచి వెళ్ళాలి. నీకు తెలియనిది కాదు, కాని నిర్వచనం ముందు చెప్పడం నా అలవాటు. నేను ముప్పై ఎనిమిది చోట్లా ‘హీ’ అని రాశాను. ఈ మొత్తం వ్యవహారంలో నాకు సందేహం లేని అంశం అదొక్కటే. ఎందుకంటే ఆ ‘తను’ సాంతో. ఆ చెప్పుకునే మనిషిని నేను.

రుజువులు ఇవిగో. ఒకటో నిమిషంలో: “బొలెవార్డులో తనకి ఎప్పుడూ సముద్రం వైపు చోటు. నాకు రోడ్డు వైపు.” సాంతో ఏనాడైనా రోడ్డు వైపు నడవగా చూశావా? నాలుగో నిమిషంలో: “ఓడిన రోజున తనకి నాతో మాటలుండవు. గెలిచిన రోజున ఊరంతటితో మాటలు, నాతో ఉత్త నడక.” సెబూ పోటీ గెలిచి వచ్చిన సాయంత్రం ఓడరేవు నుంచి హాస్టలు దాకా అతను నాతో ఒక్క మాటా ఆడలేదు. ఆరో నిమిషంలో: “తన ప్లేటులోని ఉల్లిపాయలు నా ప్లేటులోకి రావడం మొదటి సంవత్సరం నుంచీ ఉన్న అలవాటు.” సాంతో ఉల్లిపాయ తినడు. అవి ఎవరి ప్లేటులోకి వస్తాయో నువ్వు నాలుగేళ్ళుగా ఎదురుగా కూర్చుని చూస్తూనే ఉన్నావు.

ఇంతవరకూ అయితే, గమనించే కన్ను ఎవరికున్నా రాయగలరని ఒప్పుకునేదాన్ని. తొమ్మిదో నిమిషానికి వచ్చేసరికి నా కలం ఆగిపోయింది. “తను నాతో వాదించినంతసేపూ నాకు భయం లేదు. నాతో ఏకీభవించిన క్షణాన నా చేతులు వణుకుతాయి.” దితా, ఈ వాక్యం నాది. అక్టోబరులో, లైబ్రరీ మెట్ల మీద, వాన తగ్గేదాకా ఆగి ఉన్నప్పుడు, సాంతో గురించి నీతో అన్నాను. అంతకు ముందు ఎవరితోనూ అనలేదు, తరువాతా అనలేదు. నా డైరీలో లేదు. నిద్రలో మాట్లాడే అలవాటు నాకు లేదని హాస్టలు గదిలో పక్క మంచం మీద రెండేళ్ళు పడుకున్న నువ్వే సాక్ష్యం చెప్పగలవు. ఒక మాట విన్న మనిషి ఒక్కరే అయినప్పుడు, ఆ మాట ఇంకెక్కడో కనిపిస్తే, దర్యాప్తుకు దారి ఒక్కటే.

అతను నన్ను ప్రేమించనందుకు నాకు ఫిర్యాదు లేదు. అది ఎవరికీ చట్టప్రకారం రావలసినది కాదు. కాని నా మనసులోని దాన్ని నువ్వు అతనికి చెప్పడం, అతను దాన్ని సినిమా చేయడం, పైగా దానికి ఇంగ్లీషు నా చేతనే రాయించడం — దీన్ని ఏమనాలో నాకు ఏ భాషలోనూ తోచలేదు. ఆ పోటీకి నాలుగు వందల మంది వస్తారు. వాళ్ళలో సగం మంది ఎప్పుడో ఒకప్పుడు నా చేతిలో ఓడినవాళ్ళు. ఉల్లిపాయల దగ్గరికి వచ్చేసరికి వాళ్ళకు అర్థమైపోతుంది.

శుక్రవారం పడవకు నీ జవాబు రావాలి. నువ్వు చెప్పలేదంటే నమ్మడానికి సిద్ధంగా ఉన్నాను, కాని ఎలా చెప్పలేదో వివరించాలి. జవాబు రాకపోతే, నా అనుమతి లేకుండా నా ఆంతరంగిక విషయాన్ని వాడుకున్నారని పోటీ కమిటీకి ఫిర్యాదు ఇస్తాను. ఆ సినిమా ఆగుతుంది. సాంతో డిగ్రీ దానితోపాటు ఒక సంవత్సరం వెనక్కి పోవచ్చు. ఆ సంగతి తెలిసే రాస్తున్నాను.

జవాబు కోసం చూస్తూ,
రెన్సీ


దుమగెతె
ఫిబ్రవరి 17, శనివారం

దితకు,

జవాబు రాలేదు. వచ్చింది మనాంగ్ పేసింగ్ చెప్పిన వార్త ఒక్కటే. నువ్వు రేవులోనే నిలబడి కవరు చించావట. రెండుసార్లు చదివావట. ఆమెను కాసిని మంచినీళ్ళు అడిగి తాగావట. ఏమైనా చెప్పమందా అని నేను అడిగితే, “ఆ పిల్ల మొహం చూస్తే నాకే అడగబుద్ధి కాలేదమ్మా, ఇంక తనేం చెబుతుంది,” అంది. నిరపరాధులు నీళ్ళు అడగరు. కోపం తెచ్చుకుంటారు. నువ్వు కోపం తెచ్చుకోలేదన్నది నా దృష్టిలో నీకు వ్యతిరేకంగా ఉన్న బలమైన సాక్ష్యం.

గురువారం సాయంత్రం బొలెవార్డులో టెంపురా బండి దగ్గర సాంతోని పట్టుకున్నాను. సూటిగా అడిగాను, ఆ మాటలు రాసింది నువ్వా, కాదా అని.

“కాదు.”

“ఎవరు?”

“పేరు చెప్పనని మాటిచ్చాను.”

“ఎవరికి మాటిచ్చావు?”

“అది చెబితే పేరు చెప్పినట్టే కదే. నన్నేమన్నా మొదటి సంవత్సరం కుర్రాణ్ణి అనుకున్నావా?”

పుల్ల మీద చేపముక్క చల్లారిపోయేదాకా అతన్ని ప్రశ్నించాను. అతను తడబడింది ఒక్క చోటే. జనవరిలో, నువ్వు అక్కడికి వెళ్ళీ వెళ్ళగానే, రెండు సార్లు సికిహోర్ ఎందుకు వెళ్ళావని అడిగాను. సముద్రం చప్పుడు రికార్డు చేయడానికట. మేమిద్దరం ఆ మాట అనుకునే సమయానికి అలలు మా చెప్పుల మీద పడుతున్నాయి. ఈ ఊళ్ళో లేని సముద్రం అక్కడేముందని అడిగాను. “అక్కడి చప్పుడే కావాలన్నారు,” అన్నాడు. ఎవరన్నారని అడిగేలోపు టెంపురా బండివాడు కలగజేసుకుని, సికిహోర్ వెళ్ళినవాళ్ళు చప్పుడు కోసం వెళ్ళరని, వలపు మందు కోసం వెళతారని, అక్కడ ఒక్క సీసా కొని ఎవరి కాఫీలోనైనా కలిపితే జన్మంతా వెనకే తిరుగుతారని నవ్వాడు. సాంతో నవ్వలేదు. ఎర్రబడ్డాడు. నేను అతని చెవుల వైపు చూస్తూ లెక్క సరిచేసుకున్నాను.

కాబట్టి నా మొదటి అభియోగాన్ని సవరిస్తున్నాను. నువ్వు నా రహస్యాన్ని అతనికి నోరు జారి చెప్పలేదు. మీ ఇద్దరి మధ్యా దాపరికాలు లేనందువల్ల అది సహజంగానే అతనికి చేరింది. ఆ మాటలు రాసింది నువ్వు. రాయించుకుంది అతను. నేను ఆ మెట్ల మీద వణుకుతున్న చేతులు నీకు చూపిస్తున్నప్పుడే నీకు అతనితో ఒప్పందం ఉండి ఉండాలి. ఆ వేళ నువ్వు నా చేతులు రెండూ పట్టుకుని, వాన తగ్గాక కూడా కాసేపు వదల్లేదు. అది జాలి అని ఇప్పుడు అర్థమవుతున్నది. గెలిచినవాళ్ళకు ఓడినవాళ్ళ మీద ఉండే జాలిని నేను బాగా ఎరుగుదును, చాలాసార్లు చూపించాను.

నువ్వు అతన్ని ప్రేమించడం నేరం కాదు. నాకు చెప్పి ఉంటే మూడు రోజులు ఏడ్చి, నాలుగో రోజు మీ ఇద్దరినీ ఏడిపించేదాన్ని. చెప్పకుండా, నన్ను కథ చేసుకోవడం వేరు.

ఫిర్యాదు నిన్న నాలుగు గంటలకు ఇచ్చాను. కమిటీ పెద్ద మేడమ్ బొర్రొమెయో రెండుసార్లు చదివి, “నీ ఆంతరంగిక విషయం ఏమిటో రాయలేదేం?” అని అడిగారు. రాస్తే ఇంక ఆంతరంగికం ఎలా అవుతుందని అడిగాను. బుధవారం మధ్యాహ్నం రెండు గంటలకు కమిటీ ముగ్గురూ నాతో, సాంతోతో కలిసి సినిమా చూస్తారు. మాటలు రాసినవాళ్ళు ఎవరో ఆ రోజు తేలాలి. తేలకపోతే సినిమాను పోటీ నుంచి తీసేస్తారు. ఇంగ్లీషు మాటలు మాత్రం పూర్తి చేసి ఇచ్చేశాను, ముప్పై ఎనిమిది చోట్ల ‘హీ’తో సహా. ఒప్పుకున్న పని ఎగ్గొట్టే అలవాటు నాకు లేదు. అలవాట్లు మార్చుకున్నది మీరు.

ఎమెరెన్సియానా విల్యారిన్


లాసి, సికిహోర్
ఫిబ్రవరి 20

రెన్సీ,

నీ రెండో ఉత్తరం కింద పూర్తి పేరుతో సంతకం చూసి నవ్వొచ్చింది. ఆ పేరు నువ్వు ప్రిన్సిపాల్‌కి రాసేటప్పుడే వాడతావు. తర్వాత నవ్వు రాలేదు.

నీలాగా వరస పెట్టి రాయడం నాకు రాదు. ఇప్పటికి మూడు సార్లు రాసి చించేశాను. ఇది నాలుగోది. పిల్లలు ఆటలకి వెళ్ళారు, గంట కొట్టేలోపు పూర్తి చేసి పడవకి అందించాలి.

ఆ మాటలు నేనే రాశాను. అది నువ్వు సరిగ్గానే పట్టుకున్నావు. మిగతాది అంతా తప్పు.

సాంతోకీ నాకూ ఏమీ లేదు. నీ సంగతి నేను వాడికి చెప్పలేదు. వాడు జనవరిలో వచ్చింది చప్పుడు కోసమే, నిజంగా. మా బడి వెనక సముద్రం రాళ్ళ మధ్యలోకి వచ్చి వెనక్కి పోయేటప్పుడు ఊపిరి పీల్చినట్టు ఉంటుంది. అది కావాలని నేనే అన్నాను. రెండోసారి వచ్చింది నా పేరు వేద్దామని బతిమాలడానికి. నేను వద్దన్నాను. చెవులు ఎర్రబడ్డాయని రాశావు చూడు, వాడికి అబద్ధం ఆడటం చేతకాదు. అది నీకు తెలీదు, ఎందుకంటే వాడు ఆడే అబద్ధాలన్నీ నువ్వు వేదిక మీదే చూశావు.

ఉల్లిపాయల సంగతి చెబుతాను. సాంతో తన ఉల్లిపాయలు నీ ప్లేటులో వేస్తాడు, నిజమే. నువ్వూ ఉల్లిపాయ తినవు రెన్సీ. మాట్లాడుతూ మాట్లాడుతూ, వాడివీ నీవీ కలిపి ఫోర్కుతో నా ప్లేటులోకి తోసేస్తావు. చూడను కూడా చూడవు. నాలుగేళ్ళుగా మీ ఇద్దరి ఉల్లిపాయలూ తింటున్నది నేను.

బొలెవార్డులో సాంతో సముద్రం వైపు నడుస్తాడు. నువ్వు వాడి పక్కన. నీ పక్కన, రోడ్డు వైపు ఎవరుంటారు?

నువ్వు ‘తను’ అని ఉన్న చోటల్లా అబ్బాయిని చూశావు. నేను రాసేటప్పుడు ఒక్కసారి కూడా అబ్బాయిని అనుకోలేదు.

ఇంక దీన్ని ఇంతకంటే విడమరచి రాయలేను. నువ్వు తెలివైనదానివి.

ఒక్క తప్పు మాత్రం చేశాను. తొమ్మిదో నిమిషంలో ఉన్న మాట నీదే. ఆ రోజు మెట్ల మీద నువ్వు వాడి గురించి ఆ మాట అంటుంటే, నేను నీ గురించి నాలుగేళ్ళుగా అనుకుంటున్నది నీ నోట్లోంచి విన్నట్టు అయింది. దొంగిలించాను. నువ్వు అభియోగం మోపింది దానికే అయితే ఒప్పుకుంటున్నాను. చేతులు పట్టుకున్నది జాలితో కాదు.

రెండు సంగతులు అడుగుతాను. రేపు సినిమా ఆగిపోయేలా ఉంటే నా పేరు చెప్పేయమని సాంతోకి కబురు పెడుతున్నాను. వాడి సంవత్సరం పోకూడదు. ఆ కబురూ, ఈ ఉత్తరమూ ఒకే పడవలో వస్తున్నాయి, ఏది ఎప్పుడు అందుతుందో తెలీదు. రెండోది, నువ్వు రాసిన ‘హీ’ అలాగే ఉండనీ. నువ్వు తప్పుగా రాశావు కానీ నాకు అందులో దాక్కోవడానికి చోటు దొరికింది. మా అమ్మానాన్నలు కూడా వస్తామన్నారు పోటీకి.

ఇక్కడ పిల్లలు రోజూ అడుగుతారు, మేడమ్, మీరు మందు కొన్నారా, ఎవరికి పెడతారు అని. కొనలేదని చెప్పాను. అలా ఇష్టపడితే ఆ ఇష్టం మందుది అవుతుంది, నాది కాదు కదా.

గంట కొడుతున్నారు.

దిత


దుమగెతె
ఫిబ్రవరి 25, ఆదివారం

ప్రియమైన దితా,

నీ ఉత్తరం నాకు బుధవారం సాయంత్రం అయిదు గంటలకు అందింది. అప్పటికి మూడు గంటల ముందే నాకు తెలిసింది. ఎలా తెలిసిందో చెప్పవలసిన బాధ్యత నాకుంది.

కమిటీ గదిలో తలుపులు మూసి సినిమా వేశారు. నేను ముందు వరసలో, కాగితం, కలం పట్టుకుని, ప్రతి షాటుకూ ఖండన రాయడానికి సిద్ధంగా కూర్చున్నాను. తెర మీద ఒక అమ్మాయి వీపు కనిపించింది. జుట్టును ముడి వేసి అందులో పెన్సిలు గుచ్చుకుంది. చెప్పులు చేత్తో పట్టుకుని గోడ వెంట నడుస్తున్నది. ఆమెకు ఇవతలగా, రోడ్డు వైపు, ఇంకో అమ్మాయి భుజం, చేయి. ఆ చేయి అప్పుడప్పుడూ ముందుకు వచ్చి, ఏమీ ముట్టుకోకుండా వెనక్కి పోతుంది. ఆ బొమ్మ కింద తెల్లటి అక్షరాల్లో నా ఇంగ్లీషు: ‘హీ’. రెండో వాక్యం, ‘హీ’. మూడోది, ‘హీ’. కమిటీలో ఒకాయన దగ్గినట్టు నవ్వారు. మేడమ్ బొర్రొమెయో సినిమా ఆపించారు.

“రెన్సీ, ఇందులో మగవాడు ఎక్కడున్నాడమ్మా?”

ఆ నడక ఎవరిదో పోల్చుకోవడానికి ప్రయత్నిస్తున్నాను. ఎవరి నడకైనా మనకు తెలుస్తుంది, మన నడక తప్ప. ఆ పెన్సిలు చూశాక తెలిసింది. సాంతో వాళ్ళ చిన్నాన్న కూతురికి నా పచ్చ కోటు లాంటిది తొడిగి, నాలా జుట్టు ముడి వేయించి నడిపించాడు. నేను అక్కడ కూర్చుని నా వీపు చూస్తున్నాను. నాలుగేళ్ళుగా నా పక్కన, రోడ్డు వైపు నడిచినది ఎవరో అప్పుడు గుర్తు చేసుకున్నాను. గుర్తు చేసుకోవలసి వచ్చింది, దితా. తప్పంతా ఆ ఒక్క మాటలో ఉంది.

మిగతా సినిమా కూడా చూశాను. ఆ తరువాత మేడమ్ సాంతోని రాసినవాళ్ళ పేరు చెప్పమన్నారు. అతను లేచి నిలబడ్డాడు. నీ కబురు అతనికి ఇంకా అందలేదు. “చెప్పను మేడమ్. తీసేస్తే తీసేయండి,” అన్నాడు. తన సంవత్సరాన్ని అంత తేలికగా బల్ల మీద పెట్టేశాడు. నేను అతని కంటే ముందే లేచి ఉండవలసింది. లేచి, ఫిర్యాదు ఉపసంహరించుకుంటున్నానన్నాను. కారణం అడిగారు. కారణం లేదన్నాను. నాలుగేళ్ళలో నేను కారణం చెప్పకుండా కూర్చున్నది అదే మొదటిసారి అని మేడమ్ అన్నారు. శుక్రవారంలోగా ఇంగ్లీషు సరిచేసి తెమ్మని కాగితాలు నా చేతికిచ్చారు.

బయట మెట్ల మీద సాంతో అడిగాడు. “అయితే నీ రహస్యం సినిమాలో లేదన్నమాట. మరి అంత గోల చేసిన ఆ రహస్యం ఏంటే?” నువ్వే, అన్నాను. అతను మెట్టు మీద కూర్చున్నాడు. సెబూ నుంచి వచ్చాక ఒకటి రెండుసార్లు అనుమానం వచ్చిందన్నాడు. “నీలో నువ్వే వాదించుకుని దాన్ని ఓడించేస్తావనుకున్నాను,” అన్నాడు. ఆ పైన నా మీద తనకెంత గౌరవమో చాలా సేపు చెప్పాడు. ఒక్క కఠినమైన మాట లేదు అందులో. తనకు కావలసింది నేను కాదని అర్థం చేసుకోవడానికి నాకు పావుగంట పట్టింది, అంత మర్యాదగా చెప్పాడు. గదికి వచ్చేదాకా ఆ మర్యాదలో ఎక్కడైనా ఆశకు సందు ఉందా అని వెతుకుతూనే నడిచాను. అది చాలా చెడ్డ నడక. అందువల్ల నీకు ఇవ్వవలసిన జవాబును మర్యాదగా ఇవ్వకూడదని నిర్ణయించుకున్నాను. దాని దగ్గరికి వస్తాను.

ముందు ఇంగ్లీషు సంగతి. ‘హీ’ ఉండనీ అన్నావు. ఉంచలేకపోయాను, బొమ్మ దాన్ని అబద్ధమని చెబుతూనే ఉంటుంది, కమిటీ ఒప్పుకోదు. ‘షీ’ అని రాస్తే అది నిజం, కాని ఆ నిజం నాలుగు వందల మందికి, మీ అమ్మానాన్నలకు చెప్పే హక్కు నీది. నా చేతిలోంచి అది జారకూడదు. గురువారమంతా కూర్చుని ముప్పై ఎనిమిది చోట్లా ‘యూ’ అని మార్చాను. నువ్వు. ఆ మాటకు ఆడా లేదు, మగా లేదు. నీ వాక్యాల్లో ఇంకేమీ కదలలేదు. నిన్ను అడిగే వ్యవధి లేకపోయింది. నీ అనుమతి లేకుండా నేను నీ విషయంలో చేసిన ఆఖరి పని ఇదే కావాలని కోరుకుంటున్నాను.

ఆ మాట ఏం చేస్తుందో నేను ముందు ఊహించలేదు. శుక్రవారం హాలు నిండిపోయింది. మీ అమ్మగారూ నాన్నగారూ నా వెనక వరసలో కూర్చున్నారు. చీకటిలో, నా చేత్తో నేనే రాసిన ఇంగ్లీషులో, తెర నాతో మాట్లాడటం మొదలుపెట్టింది. సముద్రం వైపు చోటు నీది. ఓడిన రోజున నాతో మాటలుండవు నీకు. ప్రతి ‘నువ్వు’కూ నేను తల తిప్పుకుందామనుకున్నాను. తిప్పుకోలేదు. సినిమా అయ్యాక మీ అమ్మగారు కళ్ళు తుడుచుకుంటూ, ఎవరో పాపం బాగా ప్రేమించి రాశారమ్మా అన్నారు. అవునన్నాను. తెర మీద ‘రచన: ఒక ఫ్రెండు’ అని ఉంది. పెద్ద బహుమతి రాలేదు. సాంతో న్యాయనిర్ణేతల తరతరాలనూ తిట్టాడు. శబ్దానికి మాత్రం బహుమతి వచ్చింది. అది మీ బడి వెనక రాళ్ళది.

ఇప్పుడు క్షమాపణ. నువ్వు రహస్యం చెప్పావన్నాను, మోసం చేశావన్నాను, నీ చేతుల్లోని దాన్ని జాలి అన్నాను. ఒక్కొక్కదానికీ రుజువులు చూపించాను. అన్ని రుజువులూ నిజమే, వాటితో నేను కట్టినదంతా అబద్ధం. నీళ్ళు తాగావని కూడా నేరం మోపాను. క్షమించమని వాదించను. అడుగుతున్నాను, అంతే. ఆ తొమ్మిదో నిమిషం వాక్యాన్ని దొంగిలించానన్నావు. అది నీ దగ్గరే ఉండనీ. నీకే ఎక్కువ సరిపోతుంది.

ఇక నువ్వు అడగని ప్రశ్నకు జవాబు. నువ్వు నన్ను ప్రేమించినట్టు నేను నిన్ను ప్రేమించడం లేదు. ‘ఇప్పటికి’ అని కాని, ‘బహుశా’ అని కాని రాయడం లేదు. అలాంటి మాటల మీద మనిషి ఎన్ని నెలలు బతకగలదో నాకు తెలుసు. నీ మీద నాకున్నది ఏమిటో చెప్పడానికి గౌరవం అన్న మాట కూడా వాడను. నువ్వు లేని అయిదు వారాలూ ఈ ఊళ్ళో నేను అందరినీ అనుమానించాను. నువ్వు ఉన్న నాలుగేళ్ళూ ఎవరినీ అనుమానించినట్టు గుర్తు లేదు. నా దగ్గర ఉన్న సాక్ష్యం ఇదొక్కటే, దీన్ని ఏ పేరుతో పిలవాలో నాకు తెలియదు.

వచ్చే శనివారం ఉదయపు పడవలో లాసి వస్తాను. నా మొహం చూడాలని లేకపోతే రేవుకు రాకు. మధ్యాహ్నం అదే పడవలో తిరిగి వస్తాను. ఎందుకు రాలేదని అడగను.

రెన్సీ